బటన్ నొక్కింది నేనే

జనవరి 4, ఆదివారం

ఈ ఏడాది డైరీ రాయకూడదనుకున్నాను. నాలుగో తారీఖుకే చెయ్యి ఊరుకోలేదు. ఎప్పటిలాగే హాట్ ప్రెస్ అనే బట్టల అలమరలో, వేడినీళ్ల ట్యాంకు పక్కన, తువ్వాళ్ల కింద దాస్తాను. ఈ ఇంట్లో తువ్వాళ్లు మడతపెట్టేది నేనొక్కదాన్నే కాబట్టి అంతకంటే భద్రమైన చోటు లేదు.

పొద్దున పదింటికి గిరీష్ పనిముట్ల పెట్టె పట్టుకుని దిగాడు. మా ఆయనా అతనూ కాకినాడలో ఇంజనీరింగ్ ఒకే బెంచీ. ఇప్పుడు ఇద్దరూ ఈ పరాయి దేశంలో, లిమరిక్‌లోనే, ఆఫీసులు పక్కపక్కనే. ఇవాళ్టి పని కారుకి రిమోట్ స్టార్ట్ పెట్టడం. ఇంట్లోంచి బటన్ నొక్కితే బయట ఇంజిన్ స్టార్టవుతుందట. మనం వెళ్లేసరికి అద్దాల మీద మంచు కరిగి, లోపల వెచ్చగా ఉంటుందట. కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించారు. ఈయన తన పాస్‌వర్డ్ మర్చిపోతే నా అకౌంట్‌లోంచే ఆర్డర్ పెట్టారు.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ డాష్‌బోర్డు విప్పి వైర్లన్నీ పేగుల్లా బయటికి లాగారు. మూడుసార్లు టీ. చివర్లో గిరీష్ చేతులు తుడుచుకుంటూ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

"త్రినాథ్ బావా, మనది గేర్లు మార్చుకునే బండి. క్లచ్ తొక్కకుండానే స్టార్టయ్యేలా వైరు కలిపేశాను. బండి ఆపినప్పుడల్లా న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వెయ్యాలి. గేర్‌లో ఉండగా బటన్ నొక్కావంటే ముందుకి దూకేస్తది."

నాకు తెలీదేంట్రా అన్నారు ఈయన.

నాకు లోపల నవ్వొచ్చింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఈ మనిషి హ్యాండ్‌బ్రేక్ వెయ్యగా నేను చూడలేదు. మా మామగారి పాత కారుకి అది ఎప్పుడూ పనిచేసేది కాదట. ఫస్ట్ గేర్‌లో వేసి దిగిపోవడమే ఆ ఇంటి పద్ధతి. కొడుక్కి తండ్రి పోలికల్లో ముక్కు తర్వాత వచ్చింది అదే.

ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలేమో కదండీ అన్నాను. ఎవరూ చెప్పరు, నువ్వు టీ పెట్టు అన్నారు. నాలుగో టీ.

జనవరి 7, బుధవారం

మైనస్ మూడు. ఈయన మేడమీద కిటికీ దగ్గర లుంగీతో నిలబడి, మంత్రిగారు ప్రాజెక్టు ప్రారంభించినంత గంభీరంగా బటన్ నొక్కారు. కింద కారు గుర్రుమంది. వర్షిణి చప్పట్లు కొట్టింది. పదేళ్ల పిల్ల, దానికిది సినిమా.

కిట్‌లో రిమోట్ ఒక్కటే వచ్చింది. అది ఆయన తాళాల గుత్తికి, గుత్తి ఆయన తలగడ పక్కన. నాకో రిమోట్ వద్దా అంటే నువ్వెక్కడికెళ్తావ్ అన్నారు.

కానీ నిజం చెప్పాలంటే వెచ్చటి కారు ఎక్కడం బాగుంది.

జనవరి 12, సోమవారం

వచ్చింది! ఉత్తరం వచ్చింది! రహీన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. మార్చి రెండు నుంచి. ఏడేళ్లుగా వంటింట్లో నా ఎం.ఎస్‌సీ. సర్టిఫికెట్‌కి చెదలొక్కటే తక్కువ. పొద్దున ఏడింటి షిఫ్ట్, ఆ వేళకి అటు బస్సు లేదు. కారు కావాలి. లైసెన్సు ఉంది కదా ఇప్పుడు, నా డిసెంబరు లైసెన్సు!

మొదట చెప్పింది పక్కింటి బ్రీడాకి. ఈయనకంటే ముందు. తప్పేం లేదు, ఆ లైసెన్సు బ్రీడాది. నేర్చుకునేవాళ్ల పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి ఈ దేశంలో. ఈయనకి మీటింగులు. డెబ్బై నాలుగేళ్ల బ్రీడా ఆరు నెలలు, వారానికి మూడు సాయంత్రాలు, నా పక్క సీట్లో కూర్చుంది. బండి ఆపిన ప్రతిసారీ ఆవిడ మంత్రం ఒకటే. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, గేర్ రాడ్ అటూ ఇటూ ఊపి చూడు. ఊపకపోతే నన్ను దిగనిచ్చేది కాదు. ఇప్పుడు కలలో బండి ఆపినా నా చెయ్యి ఊపుతుంది.

ఉత్తరం చదివి కళ్లు తుడుచుకుంది. మా అమ్మ ఉన్నా ఇంతే చేసేది.

బుధవారం బుధవారం బిన్ రోజు, చెత్తబండి వీధి చివరకి వస్తుంది. ఏడున్నరకి, ఇంకా చీకటి వదలకుండానే, బ్రీడా తన బిన్ లాక్కుంటూ మా ఇంటి ముందునుంచి వెళ్తుంది. నేను సింక్ దగ్గర కిటికీలోంచి చెయ్యి ఊపుతాను. ఆవిడ బిన్ మూత ఒకసారి ఎత్తి దించుతుంది. మగవాళ్లు టోపీ ఎత్తినట్టు. రెండేళ్లుగా ఒక్క బుధవారం తప్పలేదు.

జనవరి 21, బుధవారం

బటన్ నొక్కింది నేనే.

పొద్దున ఏడూ ముప్పై అయిదుకి వంటింట్లో నిలబడి బటన్ నొక్కింది నేనే. నిన్న సాయంత్రం కారు తెచ్చి పెట్టింది నేనే. గేర్‌లో వదిలేసింది నేనే. హ్యాండ్‌బ్రేక్ వెయ్యనిది నేనే. కారు ముందుకి దూకి ఫుట్‌పాత్ మీద బ్రీడాని కొట్టింది. బిన్‌తో సహా పడిపోయింది. మా ఆయన పైన నిద్రపోతున్నారు.

బటన్ నొక్కింది నేనే.

బటన్ నొక్కింది నేనే.

జనవరి 22, గురువారం

బ్రీడాకి తొడ ఎముక, మణికట్టు విరిగాయి. ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు.

నిన్న గార్డు, అంటే ఇక్కడి పోలీసు, ఒకతను వచ్చాడు. కుర్రవాడు, నోట్‌బుక్‌తో. టీ వద్దన్నాడు. ఎవరు స్టార్ట్ చేశారని అడిగితే ఈయన నా వైపు చూశారు. నేనే అన్నాను. అడిగినదానికి అడిగినట్టు చెప్పాను, ఒక్క మాట తడబడలేదు. నా లైసెన్సు చూసి, కొత్త డ్రైవరా అని జాలిగా తల ఊపాడు. ఫైలు పైకి వెళ్తుంది, కబురు వస్తుందన్నాడు. అతను వెళ్లాక ఈయన నా భుజం మీద చెయ్యి వేసి బాగా చెప్పావు అన్నారు.

పరీక్షలో పాసైనట్టు అనిపించింది ఒక్క క్షణం. సిగ్గులేని మనసు.

జనవరి 25, ఆదివారం

ఆసుపత్రికి వెళ్లాను. పులిహోర తీసుకెళ్లాను, ఆవిడకిష్టమని. తినలేదు.

సారీ అన్నాను. పర్వాలేదు అంది. కాసేపు నా చేతులకేసి చూసింది. ఆ రోజు పొద్దున నన్ను చూశావా అని అడిగింది.

లేదు, బటన్ చూసుకుంటూ నీ వైపు చూడలేదు అన్నాను.

అసలు చూడలేదా అని మళ్లీ అడిగింది. లేదన్నాను.

బ్రీడా మొహం కిటికీ వైపు తిప్పుకుంది. మందుల మత్తేమో. పులిహోర నర్సులకి ఇచ్చి వచ్చేశాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

వర్షిణి అన్నం తింటూ, కారు దూకిన పొద్దుటి సంగతి ఎత్తి, మామ్, వర్ యు నాట్ వాషింగ్ మై లంచ్ బాక్స్ అంది. ఈయన చెంచా కింద పెట్టారు. పిల్ల బాత్రూంలో ఉందనీ, దానికి తెలియదనీ, స్కూల్లో ఎవరితోనూ ఈ సంగతి మాట్లాడకూడదనీ చెప్పారు. నెమ్మదిగానే చెప్పారు. అది ఓకే డాడ్ అని తల వంచుకుంది.

సాంబారులో ఉప్పు మర్చిపోయాను. ముగ్గురం అలాగే తినేశాం.

ఫిబ్రవరి 11, బుధవారం

మూడు బుధవారాలుగా బిన్ చప్పుడు లేదు. ఇవాళ కూర్చుని జనవరి 21 పేజీ చదివాను.

ఆ పేజీ అబద్ధం. చిన్నప్పుడు ఎక్కాలు రాసినట్టు రాశాను, నోటికి రావాలని. గార్డు మళ్లీ వస్తాడేమో, తడబడతానేమో అని. ఇప్పుడు నిజం రాస్తాను.

నేను సింక్ దగ్గర వర్షిణి టిఫిన్ డబ్బా తోముతున్నాను. రెండు చేతులకీ సబ్బు. కారు తెచ్చి పెట్టింది ఆయన. ఎప్పటిలాగే ఫస్ట్ గేర్, ఎప్పటిలాగే హ్యాండ్‌బ్రేక్ లేదు. పదిహేను రోజులు గుర్తుపెట్టుకున్నారు, పదహారో రోజుకి మామగారి పద్ధతికి వచ్చేశారు. మేడమీద మంచంలోంచే బటన్ నొక్కారు.

నేను బయటికి పరిగెత్తాను. బ్రీడా వెల్లకిలా పడి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. ఆంబులెన్స్‌కి ఫోన్ చేసి, దుప్పటి కోసం లోపలికి వస్తే, మెట్ల మీద ఆయన నా రెక్క పట్టుకుని ఆపారు.

"వసూ, విను. సిటిజన్‌షిప్‌కి నా ఫైలు వెరిఫికేషన్‌లో ఉంది. ఇప్పుడు నా పేరు గార్డుల పుస్తకంలోకి ఎక్కితే ముగ్గురం మునుగుతాం. నీకు కొత్త లైసెన్సు. పొరపాటంటారు, వదిలేస్తారు. నువ్వు నొక్కానని చెప్పు. ఒక్క మాట."

బయట ఆవిడ మంచు పట్టిన నేల మీద ఉంది. నేను దుప్పటి పట్టుకుని మెట్ల మీద నిలబడి ఆయన చెప్పిందంతా విన్నాను. సరేనన్నాను. నన్నెవరూ కత్తి పెట్టి బెదిరించలేదు. మన ముగ్గురి కోసం అన్నారు, ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాననుకున్నాను.

ఫిబ్రవరి 26, గురువారం

ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం. ఆయన ఆఫీసులో ఉన్నారు, నేను విప్పాను. మూడుసార్లు చదివాను.

రిమోట్ స్టార్ట్ కిట్‌ని పాలసీదారుకి తెలియకుండా భార్య తెప్పించిందట. ఆమె సొంత అకౌంట్ ఆర్డర్ కాపీ జతచేశారు. ఆమె కోరితేనే బిగించానని గిరీష్ రాసిచ్చిన కాగితం జతచేశారు. అందువల్ల పాలసీలోంచి నా పేరు తీసేశారు, ఇక నేను ఆ కారు నడపకూడదు. ఆయన పేరు అలాగే ఉంచారు.

గిరీష్! నాలుగు టీలు తాగాడు నా చేతి మీదుగా. చెల్లెమ్మా అంటాడు.

నేను ఒప్పుకున్నది ఒక్క అబద్ధానికి. మెట్ల మీద, ఒక్క మాట అని అడిగితే. ఈ రెండోది నా వెనక, నా పేరుతో, ఇద్దరు మగాళ్లు కూర్చుని తీరిగ్గా అల్లారు. ఆర్డర్ కాపీ తీయాలంటే నా ల్యాప్‌టాప్ తెరవాలి. నేను ఏ గదిలో ఉండగా తెరిచారో!

సాయంత్రం ఉత్తరం ముందు పెట్టాను. కాగితం మీద అలా ఉండాలి వసూ, లేకపోతే మొత్తం పాలసీ కొట్టేస్తారు అన్నారు. మరి నా ఉద్యోగం అన్నాను. ఇంకోటి వస్తుందిలే అన్నారు. నేను ఏడవలేదు, అరిచాను. అప్పుడు దేవుడి ముందుకెళ్లి దీపం మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. ఫైలు అప్రూవయినట్టు మెయిల్ వచ్చిన రోజే తానే గార్డుల దగ్గరికి వెళ్లి నిజం చెబుతానన్నారు. అప్పటిదాకా ఓపిక పట్టమన్నారు.

పడతాను. దీపం మీద ఒట్టేశారు కదా.

మార్చి 2, సోమవారం

ఇవాళ ఉద్యోగంలో మొదటి రోజు కావలసింది. బెండకాయ వేపుడు చేశాను.

మార్చి 10, మంగళవారం

బ్రీడా ఇంటికొచ్చి పది రోజులైంది. వాకర్ పట్టుకుని నడుస్తోంది. రోజూ సూప్ తీసుకెళ్తున్నాను. థాంక్స్ అంటుంది, గిన్నె కడిగి ఇస్తుంది, వాతావరణం గురించి మాట్లాడుతుంది. ఆవిడ వాతావరణం గురించి మాట్లాడేది తనకి నచ్చనివాళ్లతో.

నాకు తగిన శాస్తే. కాలు విరగ్గొట్టినదాన్ని కదా.

ఇప్పుడే రాసింది చదువుకున్నాను. విరగ్గొట్టినదాన్ని అని రాశాను. నేను విరగ్గొట్టలేదు. ఇది చెయ్యి అలవాటు.

మార్చి 21, శనివారం

ఉగాది భోజనాలు, కమ్యూనిటీ హాల్లో. నలభై కుటుంబాలు. విజయరాణి ఆంటీ నాకు పచ్చడి వడ్డిస్తూ అందరికీ వినపడేలా ఓదార్చింది.

"బాధపడకమ్మా. ఆడవాళ్లకి ఆటోమేటిక్ బండే మంచిది. మీ ఆయన ఎంత ఓర్పున్న మనిషో, ఒక్క మాట అనలేదట కదా నిన్ను."

హాలుకి అవతలి పక్క ఆయన చేతిలో ప్లేటుతో నిలబడి ఉన్నారు. ఆంటీ మాట వినపడింది. వినయంగా నవ్వి, తల అడ్డంగా ఊపారు, అంత పొగడకండి అన్నట్టు.

ఇంత దూరం ఎలా వచ్చింది ఈ కథ? ఇది కాగితం మీద ఉండాల్సిన మాట కదా. గార్డుకీ ఇన్సూరెన్స్‌కీ చెప్పారు, సరే. విజయరాణి ఆంటీకి చెప్పమని ఏ ఫైలు అడిగింది?

పచ్చడిలో చేదే తగిలింది అంతా. ఆయన రెండోసారి పులిహోర వేయించుకున్నారు.

ఏప్రిల్ 2, గురువారం

మెయిల్ రాలేదు.

ఏప్రిల్ 9, గురువారం

మెయిల్ రాలేదు. ఒట్టు ఒట్టే.

ఏప్రిల్ 16, గురువారం

వచ్చింది. ఆఫీసునుంచే ఫోన్ చేసి అరిచారు. సాయంత్రం గిరీష్ వాళ్లొచ్చారు, స్వీట్ డబ్బాలు, ఫోటోలు. జూన్‌లో కిల్లార్నీలో సభ, అక్కడ ప్రమాణం చేస్తారట. నిజాయితీగా ఉంటానని ప్రమాణం.

మనసారా సంతోషించాను. ఇది అబద్ధం కాదు. నా నెత్తిమీద బరువు కూడా ఇవాళ దిగుతుందనుకున్నాను కాబట్టి రెండింతలు సంతోషించాను. అందరూ వెళ్లేసరికి అలసిపోయారు. రేపు అడుగుతాను.

ఏప్రిల్ 19, ఆదివారం

మూడు రోజులు ఆగాను. ఆయనే ఎత్తుతారని. ఎత్తలేదు.

ఇవాళ మధ్యాహ్నం వర్షిణి స్విమ్మింగ్‌కి వెళ్లాక అడిగాను. సోఫాలో కాళ్లు చాపుకుని ఫోన్ చూస్తున్నారు. రేపు గార్డుల స్టేషన్‌కి వెళ్దామా అన్నాను.

"దేనికి?"

"చెప్పడానికి. బటన్ నొక్కింది మీరని."

ఫోన్ మీదనుంచి కళ్లెత్తకుండా అన్నారు. "నొక్కింది నువ్వే కదా వసూ."

టైమెంతయిందంటే చెప్పినంత మామూలుగా. నేను నవ్వాను కూడా, ఎగతాళి చేస్తున్నారనుకుని. ఆయన నవ్వలేదు.

"ఆ రోజు నువ్వు కంగారులో ఉన్నావు. నీకు సరిగ్గా గుర్తులేదు. నేను నిద్రలో ఉన్నాను."

దీపం మీద ఒట్టేశారు అన్నాను. నీ అరుపులు ఆపడానికి ఏదో అన్నాను అన్నారు. అప్పుడు ఫోన్ నా వైపు తిప్పారు. తెర మీద నా చేతిరాత. బటన్ నొక్కింది నేనే. బటన్ నొక్కింది నేనే. మడత పెట్టిన తువ్వాలు అంచు కూడా పడింది ఫోటోలో.

"నీ చేత్తో నువ్వే రాసుకున్నావు. తారీఖుతో సహా. అవసరమైతే ఇదే చూపిస్తాను. గొడవ చేసుకోకు, వర్షిణి కోసమైనా."

ఎప్పుడు తీశాడు? నేను వంట చేస్తుంటేనా? ఆసుపత్రికి వెళ్లినప్పుడా? ఫిబ్రవరి 11 పేజీ కూడా చదివే ఉంటాడు. దాని ఫోటో మాత్రం తియ్యలేదు.

తను చెప్పిన అబద్ధాన్ని తనే నమ్ముతున్నాడో, నటిస్తున్నాడో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసుకోవాలని కూడా లేదు. పన్నెండేళ్లు అతని బట్టలు మడతపెట్టిన అరలో, నా తువ్వాళ్ల కింద చెయ్యి పెట్టాడు. నేను అతని కోసం ఎక్కాల్లా వల్లెవేసిన ముక్కని తీసి నా మీదికే విసిరాడు. మోసం అని రాయడానికి ఇన్నాళ్లూ కలం జంకింది. మోసం. మోసం చేశాడు త్రినాథ్.

ఏప్రిల్ 21, మంగళవారం

నిన్నంతా మంచం మీదే ఉన్నాను, జ్వరమని చెప్పి. ఇవాళ లేచి తలస్నానం చేసి, సూప్ లేకుండా, ఉత్త చేతులతో బ్రీడా ఇంటికి వెళ్లాను.

కుర్చీలో కూర్చుని ఉంది, పక్కన చేతికర్ర. వాకర్ పోయి కర్ర వచ్చింది. నేను కూర్చోలేదు. బటన్ నొక్కింది నేను కాదు, మా ఆయన, నేను అబద్ధం చెప్పాను అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

బ్రీడా ఆశ్చర్యపోలేదు. కూర్చోమంది. ఆవిడ మాటలు నా తెలుగులో రాసుకుంటున్నాను.

"నాకు తెలుసమ్మా. బయట చీకటి, మీ వంటింట్లో దీపం. నిన్ను చూస్తూనే ఉన్నాను. నువ్వు నాకు చెయ్యి ఊపుతున్నావు."

అప్పుడు కూర్చున్నాను.

ఊపాను. సబ్బు చెయ్యే ఊపాను. బ్రీడా బిన్ మూత ఎత్తింది. మూత ఇంకా పైనే ఉండగా కారు దూకింది. ఫిబ్రవరి 11న నిజమంతా రాశాననుకున్నాను. ఇదొక్కటి రాయలేదు. ఇది రాస్తే ఆసుపత్రిలో నేనేం చేశానో రాయాల్సి వస్తుంది.

న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, ఊపి చూడు, అంది బ్రీడా. ఆరు నెలలు నేర్పిన పిల్ల బండి గేర్‌లో వదిలిందంటే నేను నమ్ముతానా అంది. మరి గార్డులకి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఏమీ గుర్తులేదని చెప్పిందట. నేను ఎందుకు అబద్ధం చెప్తున్నానో తెలియక, నిజం చెబితే నాకు ఇంట్లో ఏమవుతుందో తెలియక.

"నువ్వే వచ్చి చెప్తావని చూశాను. మూడు నెలలు చూశాను. కాలు విరిగినందుకు నేను ఏడవలేదు. ఆసుపత్రిలో నన్ను అసలు చూడలేదన్నావు చూడు, ఆ రోజు ఏడ్చాను."

నన్ను త్రినాథ్ మోసం చేశాడని పేజీలకి పేజీలు నింపాను. ఈ ముసలామె ఇంటి గోడకి అవతల కూర్చుని, నా మోసాన్ని ఒక్కతే మింగుతూ, నా సూపు గిన్నెలు కడిగి ఇచ్చింది. నేను ఆవిడ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. విరగని కాలు వైపు పెట్టుకో అంది.

ఏప్రిల్ 22, బుధవారం

పొద్దున ఇద్దరం బస్సులో స్టేషన్‌కి వెళ్లాం. నా చెయ్యి ఒక పక్క, కర్ర ఒక పక్క. అదే కుర్ర గార్డు. ముందు నేను చెప్పాను, తర్వాత ఆవిడ చెప్పింది. మొదట అబద్ధం చెప్పినందుకు నా మీద కూడా ఏదో ఒకటి ఉంటుందన్నాడు. ఉండనీ. ఆర్డర్ పెట్టిన రోజు ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉందో, రిమోట్ ఎవరి తలగడ పక్కన ఉంటుందో అన్నీ రాసుకున్నాడు. ఈసారి టీ తాగాడు, నాకూ ఇచ్చాడు.

స్కూలునుంచి వస్తూ దారిలో వర్షిణికి చెప్పాను. రోడ్డు మధ్యలో ఆగిపోయింది. యామ్ ఐ అలౌడ్ సే ఇట్ నౌ అంది. మూడు నెలలుగా దాని చిన్న నోట్లో ఏం కుక్కి ఉంచామో అప్పుడు తెలిసింది. అలౌడ్ అన్నాను. ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.

త్రినాథ్ ఆరింటికి వస్తాడు. ఇప్పుడు అయిదూ నలభై. వర్షిణిని బ్రీడా దగ్గర కూర్చోబెట్టాను. రాయాల్సింది ఒక పేజీ ఉంది.

జనవరి 21, బుధవారం

పొద్దున ఏడూ ముప్పై అయిదు. చీకటి, మంచు. కారు నిన్న సాయంత్రం తెచ్చి పెట్టింది త్రినాథ్. ఫస్ట్ గేర్‌లో వదిలేశాడు, హ్యాండ్‌బ్రేక్ వెయ్యలేదు. నేను సింక్ దగ్గర టిఫిన్ డబ్బా తోముతూ, ఫుట్‌పాత్ మీద వెళ్తున్న బ్రీడాకి చెయ్యి ఊపాను. బ్రీడా బిన్ మూత ఎత్తింది. త్రినాథ్ మంచంలోంచి బటన్ నొక్కాడు.

ఇది హాట్ ప్రెస్‌లో పెట్టడం లేదు. డైనింగ్ టేబుల్ మీద, ఈ పేజీ దగ్గర తెరిచి, పైన దీపం వేసి పెడుతున్నాను. ఫోటో తీసుకోమను.